శుభ్రమైన నీళ్ళు

కోడలు షెడ్డు తలుపు తీసేసరికి తొట్లన్నీ తళతళలాడుతున్నాయి. అడుగున గోరంత ఆల్చిప్ప పిల్లలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఈ ఏడాది ఇంటిల్లిపాది బతుకూ వాటి మీదే.

"పచ్చనీళ్ళేవి అత్తయ్యా?"

"పాచి పట్టిపోయాయని పారబోశానే. మూలనున్న పచ్చనీళ్ళ పీపాలు కూడా పారబోసి తోమిపెట్టాను. వడకట్టిన సముద్రపు నీళ్ళే పట్టానులే, కంగారుపడకు."

ఆ పాచే వాటి తిండి. ఆల్చిప్ప తిండి వెతుక్కుంటూ పోయేది కాదు. నోరు కొద్దిగా తెరిచి నీళ్ళు లోపలికి లాక్కుని, మొప్పలకు చిక్కిన నాచునే తింటుంది. మళ్ళీ నాచు పెంచాలంటే వారం పడుతుంది. పిల్లలు అంతవరకు ఆగవు. సముద్రపు నీళ్ళు వడకట్టకుండా పోద్దామంటే అందులో ఇప్పుడు విషపు నాచు తేలుతోంది.

సంగతి విన్న అత్త తొట్టి పక్కనే కూలబడింది.

"కాస్త పిండి కలిపి పోస్తే?"

"నీళ్ళు కుళ్ళిపోతాయి అత్తయ్యా."

"పోనీ, పాలు?"

కోడలు తల అడ్డంగా ఊపింది.

చిప్పలు ఒక్కొక్కటే నోరు తెరిచి, ఏమీ లేని నీళ్ళను ఓపిగ్గా లాక్కుంటున్నాయి.

"అందరికీ పెట్టే స్వామికి ఇవి కనబడవంటావా?" అంటూ అత్త చేతులు జోడించింది. తోమి తోమి ఎర్రబడిన ఆ చేతులను చూసి కోడలూ పక్కన కూర్చుంది.