బావగారు మెచ్చిన రాకెట్టు

సుబ్రహ్మణ్యేశ్వరరావు మూడో టెన్నిస్ రాకెట్టు కూడా రాజోలు వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం పొద్దున్న అమలాపురం క్లబ్బు నుంచి ఖాళీ సంచీతో ఇంటికొచ్చి వీధరుగు మీద చతికిలబడ్డాడాయన. బీరకాయ చెక్కు తీస్తున్న భార్య రమణమ్మ ఆ సంచీని చూడగానే కత్తిపీట పక్కన పెట్టేసింది.

"మళ్ళీ ఇచ్చేసేరా?"

"ఇచ్చేసేనే."

"అన్నయ్యగారు అడిగేరా?"

"అడగలేదు. బాగుందన్నారు."

అన్నయ్యగారంటే రాజోలులో ఉండే వియ్యంకుడు శ్రీరాములు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు దుర్గాశ్రీని చేసుకున్న అబ్బాయికి తండ్రి. అంతటి మనిషి ఒక వస్తువును చూసి బాగుందన్నాడంటే ఆ వస్తువుకు ఈ ఇంట్లో నూకలు చెల్లినట్టే. పిల్ల పెళ్ళయిన కొత్తలో ఆయన హాల్లో ఉయ్యాలబల్ల మీద కూర్చుని, "చాలా బాగుందండి బావగారూ," అన్నాడు. సాయంత్రానికి ఉయ్యాలబల్ల ట్రాక్టరెక్కింది. ఆ తర్వాత గోడగడియారం, ఆ తర్వాత గంగాళం. శ్రీరాములు వద్దు వద్దంటాడు. ఈయన అయ్యో అదేమిటంటాడు. చివరికి వస్తువు రాజోలు చేరుతుంది. వియ్యంకుడు వస్తున్నాడని కబురందితే చాలు, రమణమ్మ కొత్త మిక్సీ మీద పాత చీర కప్పేస్తుంది.

అన్నట్టు, సుబ్రహ్మణ్యేశ్వరరావును అందరూ ఈశ్వర్రావు అనే పిలుస్తారు. టెన్నిస్ కోర్టులో ఆ పేరు మొత్తం పలికేలోపు బంతి వచ్చి వెళ్ళిపోతుంది. మామిడికుదురులో కొబ్బరితోటా వరిపొలమూ, అమలాపురంలో కాపురం, ఒంట్లో షుగరు. డాక్టరు నడవమంటే, ఉత్తినే నడవడానికి నేనేమన్నా పోస్ట్‌మేన్‌నా అని పౌరుషానికి పోయి టెన్నిస్‌లో దిగాడు. క్లబ్బులో మిగతావాళ్ళతో బాగానే నెట్టుకొస్తాడు. ఆదివారాలు రాజోలు నుంచి ఆడడానికి వచ్చే శ్రీరాములు ఒక్కడి దగ్గరే చేతులెత్తేస్తాడు. ఆయనదేమో ముందు పొట్ట వచ్చి, తర్వాత మనిషి వచ్చే ఒళ్ళు. పరిగెత్తగా చూసినవాళ్ళు లేరు. నిలబడ్డ చోటినుంచి మోచెయ్యి పట్టుకుని మూలుగుతూనే బంతిని మూలలకు కొట్టి, "క్షమించండి బావగారూ," అంటాడు. పిల్ల పెళ్ళయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఈశ్వర్రావు ఆయన మీద ఒక్క ఆట గెలవలేదు.

ఒక్కసారి గెలవాలి. పొలం కలిసిరాకపోయినా ఫరవాలేదు, షుగరు తగ్గకపోయినా ఫరవాలేదు, ఆ మనిషిని ఒక్కసారి ఓడించి "క్షమించండి బావగారూ" అనాలి. ఈశ్వర్రావుకు వేరే కోరికేమీ లేదు.

తప్పు తనలో ఉందన్న ఆలోచన ఆయనకు రానే రాలేదు. అంతా రాకెట్టులోనే ఉందనుకున్నాడు. మొదటిది తేలికగా, తల పెద్దదిగా ఉన్నది కొన్నాడు. ఎలా తగిలినా బంతి అవతలకి పోయేది, కానీ కోర్టులో పడకుండా గోడ దాటేది. సరే, తీగలు బిగిస్తే అదుపులోకి వస్తుందని తెలుసుకుని, గడియారస్తంభం దగ్గర ఆటసామాన్ల కొట్టు నడిపే జోజి దగ్గరికి వెళ్ళాడు. తీగలు బిగించే మిషను ఆ కొట్లో ఉంది. తీగలు బిగించడాన్ని అక్కడందరూ గట్టింగు అంటారు.

"యాభై ఎనిమిది పౌన్లు బిగించగలవా?" అనడిగాడు.

"ఆయ్, యాభై ఎనిమిదయితే తిరుగు లేదండి," అన్నాడు జోజి.

"నలభై ఎనిమిదయితే?"

"ఆయ్, నలభై ఎనిమిది ఇంకా బ్రహ్మాండమండి."

జోజి ఏ గిరాకీకీ కాదని చెప్పి ఎరగడు. గట్టిగా బిగించిన రాకెట్టు అదుపులోకి వచ్చింది. వచ్చిన వారానికే శ్రీరాములు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందండి," అన్నాడు. ఈశ్వర్రావు నోరు ఆయన అనుమతి అడక్కుండానే "తీసుకోండి బావగారూ, మీదనుకోండి," అనేసింది. ఇంటికొచ్చి ఆ నోటిని ఎన్ని తిట్టాడో లెక్క లేదు.

రెండోది బరువైనది, సన్నని ఫ్రేముది. దానికి ఇనపతీగలాంటి పాలిస్టర్ గట్టింగు. అదీ అలాగే పోయింది. పోయిన రెండు రాకెట్లతోనూ శ్రీరాములు ఆయన్నే ఓడించాడు. కడుపు మండదూ మరి!

మూడోదాని కథ వేరు. గట్టింగులన్నిటిలోకీ నేచురల్ గట్ అనే రకం మెత్తనిదనీ, బంతిని ఒడిసిపట్టి పంపుతుందనీ ఎక్కడో చదివి, హైదరాబాద్ నుంచి తెప్పించి మరీ వేయించాడు. కొత్త వస్తువు కదా అని రమణమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పూజగదిలో దుర్గమ్మ పటం ముందు నిలబెట్టి హారతిచ్చింది. హారతి కళ్ళకద్దుకుంటూ, "ఇదేం తీగండీ, మెరుస్తోంది?" అంది. ఈశ్వర్రావుకు గొప్పలు చెప్పుకోవడానికి వేళాపాళా లేదు.

"ఆవు పేగే. ప్రపంచంలో దీన్ని మించింది లేదు."

ఆ రోజు పూజగది కడగడానికి బిందెల కొద్దీ నీళ్ళు పట్టాయి. రమణమ్మ తలస్నానం చేసింది, ఆయన చేతా చేయించింది, రాకెట్టును పెరట్లో కొబ్బరికాయల పాకలోకి తరిమేసింది. వానాకాలపు తేమకు పేగు ఉబ్బి, ఆ రాకెట్టు తడిసిన డప్పులా మోగేది. అయినా శ్రీరాములు చూశాడు, బాగుందన్నాడు, అదీ రాజోలు పోయింది.

"ఇదొక్కటి పోయినందుకు మాత్రం నాకేం బాధలేదండి," అంటూ రమణమ్మ కత్తిపీట మళ్ళీ ముందుకు లాక్కుంది.

అరుగు మీద కూర్చుని ఈశ్వర్రావు ఒక కుట్ర ఆలోచించాడు. వచ్చే నెల క్లబ్బులో యాభై దాటినవాళ్ళ సింగిల్స్ పోటీ ఉంది. పేర్లిచ్చింది నలుగురే. అందులో ఒకాయన మోకాలు అప్పటికే చేతులెత్తేసింది, ఇంకొకాయన మేనల్లుడి పెళ్ళికి వెళ్తున్నాడు. అంటే ఏకంగా ఫైనలే, శ్రీరాములుతోనే. దానికి రెండు రాకెట్లు తయారుచెయ్యాలి. ఒకటి చూడగానే బాగుందనిపించి చేతికిస్తే కొంప ముంచేది. అది బావగారికి. ఇంకొకటి ఎవడూ కన్నెత్తి చూడనిది, పనిలో మాత్రం మేలైనది. అది తనకు.

ఆయన జీవితంలో అంత శ్రద్ధగా వరి నాట్లు కూడా వేయించలేదు. బావగారి రాకెట్టుకు బంగారు రంగు ఫ్రేము, నెమలికంఠం రంగు గ్రిప్పు. గట్టింగు నులకమంచంలా వదులు. తల చివర, ఎవరికీ కనిపించకుండా, సీసపు పట్టీ నాలుగు పొరలు. ఊపితే చెయ్యి దానివెనక వెళ్ళాల్సిందే. తనదానికి రోజుకో రకం కట్టి చూశాడు. మరీ బిగిస్తే భుజం లాగేసింది, మరీ వదిలితే బంతి పక్క కొబ్బరితోటలో తేలింది. చివరికి మామూలు నైలాన్ గట్టింగు నలభై తొమ్మిదికి బిగించి, సీసం పట్టీని తలలో కాక పిడిలో, గ్రిప్పు కింద చుట్టాడు. బరువు చేతిలోకి దిగి తల చురుగ్గా తిరిగింది. గోడకు కొడితే బంతి చెప్పినచోటికే వెళ్ళింది. ఆయన గుండె సంతోషంతో నిండిపోయింది. ఆ తర్వాత ఆ రాకెట్టుకు సైకిలు ట్యూబు ముక్కలు అంటించి, పిడికి పాత లుంగీ పేలికలు చుట్టాడు.

"ఏంటండీ ఈ అవతారం?" అంది రమణమ్మ.

"నీ మిక్సీకి నువ్వు చీర కప్పలేదూ?" అన్నాడాయన.

ఫైనల్ రోజు క్లబ్బు సెక్రటరీ విజయ్ కుమార్ నెట్టు పక్కన కుర్చీ వేసుకుని అంపైరుగా కూర్చున్నాడు. చూడ్డానికి పాతికమంది దాకా వచ్చారు. ఇడ్లీలు ఉన్నాయని చెప్పారు మరి. ఈశ్వర్రావు బంగారు రాకెట్టును బెంచీ మీద ఎండ తగిలేలా పెట్టి, పేలికల రాకెట్టును ఒడిలో దాచుకుని కూర్చున్నాడు.

శ్రీరాములు వచ్చాడు. బంగారు రాకెట్టును చూశాడు. చూసి, పామును చూసినట్టు రెండడుగులు పక్కకు జరిగాడు. ఒక్క మాట అనలేదు. ఈశ్వర్రావు దాన్ని ఇంకాస్త ముందుకు తోశాడు. శ్రీరాములు ఆకాశంలోకి చూస్తూ, "వానొచ్చేలా ఉందండి," అన్నాడు. ఆ తర్వాత ఆయన చూపు ఈశ్వర్రావు ఒళ్ళోకి దిగింది. పేలికలను చూసి కాసేపు తటపటాయించాడు.

"ఇది... ఇది కూడా బాగుందండి బావగారూ."

నెల రోజుల శ్రమ, ఆ సీసం, ఆ నలభై తొమ్మిది పౌన్లు! ఈశ్వర్రావు నోరు అలవాటుకొద్దీ "తీసుకో..." దాకా వచ్చింది. ఆయన పెదవి కొరుక్కున్నాడు. కూతురి మొహం గుర్తొచ్చింది. అయినా సరే అనుకున్నాడు.

"ఇవ్వనండి," అన్నాడు.

ఇడ్లీలు తింటున్నవాళ్ళు నమలడం ఆపేశారు.

"ఏంటన్నారండీ?" అన్నాడు శ్రీరాములు.

"ఇవ్వనన్నానండి. ఇది నాది. బాగుంటే చూసుకోండి, ఎంతసేపైనా చూసుకోండి. ఇవ్వను."

శ్రీరాములు మెల్లగా బెంచీ మీద కూలబడ్డాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఏడుస్తున్నాడేమోనని ఈశ్వర్రావు భయపడ్డాడు. తువ్వాలు తీసేసరికి ఆ మొహం వెలిగిపోతోంది.

"బతికించేరు బావగారూ! మీ రాకెట్లతో ఆడలేక చచ్చిపోతన్నానండి. మోచెయ్యి చూడండి, ఎలా వాచిందో. ఆ ఇనపతీగలదానికి రాజోలు డాక్టరు కట్టు కట్టేడు."

"మీరే కదండీ బాగుందన్నది?"

"కొత్త వస్తువు తెచ్చి మొహం మీద పెడితే బాలేదంటానేంటండీ? మర్యాద కాదు కదండీ. బాగుందంటే మీరు చేతిలో పెట్టేస్తారు. పిల్ల తండ్రి ఇచ్చింది వద్దంటే చిన్నబుచ్చినట్టు. పోనీ నా రాకెట్టు తెచ్చుకుందారంటే, నేనిచ్చింది నచ్చలేదా అని మీరు బాధపడతారు."

"మరి ఉయ్యాలబల్ల?"

"మా హాల్లో దాన్ని దాటుకుని వంటింట్లోకెళ్ళాలండి. మా ఆవిడ రోజూ మోకాలు కొట్టుకుంటది."

ఈశ్వర్రావు పేలికల రాకెట్టు ఎత్తి చూపించాడు. "మరి ఈ దరిద్రాన్ని ఎందుకు బాగుందన్నారండీ?"

"మీకేదో ఇబ్బందొచ్చిందేమో, గుడ్డలు చుట్టుకుని ఆడతన్నారనుకున్నానండి. బాగుందంటే కాస్త సంతోషిస్తారని. ఆ బంగారందాన్ని చూసి మాత్రం నోరు కుట్టేసుకున్నాను. అది నాకోసమేనని అర్థమైపోయింది."

ఆ మాటతో ఈశ్వర్రావు సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ సిగ్గు తీరకుండానే ఇంకొకటి తట్టింది. అంటే ఈ మనిషి ఇన్నాళ్ళూ వాచిన మోచేత్తో, అచ్చిరాని రాకెట్లతో తనను ఓడించాడన్నమాట. ఈసారి సిగ్గు పోయి ఒళ్ళు మండింది.

"మీ రాకెట్టు తెచ్చుకోండి," అన్నాడు.

శ్రీరాములు వెళ్తూ వెళ్తూ బంగారు రాకెట్టును ఎత్తి, దాని తల చివర తడిమి చూశాడు. స్కూటరు డిక్కీలోంచి తువ్వాల్లో చుట్టిన పాత రాకెట్టు తీశాడు. ఎన్నాళ్ళనుంచో అందులోనే ఉన్నట్టుంది. ఆట మొదలైంది. ఇన్నాళ్ళూ మూలలకు కొట్టిన మనిషి ఇప్పుడు గీతల మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఈశ్వర్రావు కొబ్బరితోటలో కూడా అంత పరిగెత్తలేదు. రాకెట్టు మాత్రం మాట విన్నది. తగిలిన బంతి తగిలినట్టు వెళ్ళింది. తగలడానికి బంతి అందాలి కదా! వరసగా అయిదు గేములు పోయాయి. ఆరో గేములో మాత్రం ఏం పూనిందో, మూడు సర్వీసులు శ్రీరాములుకు అందలేదు. ఒక్క పాయింటు వస్తే గేము తనది. ఈశ్వర్రావు ఊపిరి బిగబట్టి కొట్టాడు. బంతి అవతలి గీత మీద సున్నం లేపింది.

"అవుటండి," అన్నాడు శ్రీరాములు.

ఈశ్వర్రావు కొయ్యబారిపోయాడు. మూడేళ్ళలో ఆ నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. తన బంతి గోడకు తగిలినా "లోపలేనండి, లోపలే," అనే మనిషి! మరుక్షణం ఈశ్వర్రావు నెట్టు దగ్గరున్నాడు.

"సున్నం ఎగరడం మీకు కనపడలేదేంటండీ?"

"అది దుమ్మండి. మీకు కళ్ళు కనపడవేంటండీ?"

"అబద్ధాలాడతానికి సిగ్గు లేదేంటండీ?"

"మీకుందేంటండీ? నాకు సీసం రాకెట్టు అంటగట్టాలని చూసేరు! ఇందాక ఎత్తి చూసేనండి, గునపంలా ఉంది!"

అంపైరు విజయ్ కుమార్ కుర్చీలోంచి లేచి, ఇద్దరికీ మధ్య చెయ్యి పెట్టి, ఆ చేతిమీద ఎవరిదో దెబ్బ తిని వెనక్కి తగ్గాడు. వియ్యంకులిద్దరూ ఊరి ముందు కొట్టుకునేలా ఉన్నారని భయపడి రాజోలుకు ఫోను చేసి ఈశ్వర్రావు చేతికిచ్చాడు. దుర్గాశ్రీ అవతలనుంచి ఏడుపుగొంతుతో, "నాన్నా! మావయ్యగారితో గొడవేంటి నాన్నా? నేనేమైపోవాలి?" అంటోంది.

ఈశ్వర్రావు చెమటలు కక్కుతున్నాడు, రొప్పుతున్నాడు, చిత్తుగా ఓడిపోతున్నాడు. పిల్ల పెళ్ళయిన దగ్గర్నుంచి ఇంత హాయిగా ఎప్పుడూ లేదాయనకు.

"గొడవేం లేదమ్మా, తర్వాత చేస్తాను, పెట్టెయ్యి," అన్నాడు. "మీ మావయ్యగారు నాతో టెన్నిస్ ఆడతన్నారు."

ఫోను విజయ్ కుమార్ చేతిలో పడేసి, బంతి పడిన మచ్చ చూపించడానికి శ్రీరాములు చొక్కా పట్టుకుని గీత దగ్గరికి లాక్కెళ్ళాడు.