చచ్చిన టైము

మా బావ నవ్వు నాకు అస్సలు పడదు. అక్క మొగుడు కాబట్టి ఇన్నాళ్ళూ పైకి అనలేదు. పైగా నేను పనిచేసేది ఆయన దగ్గరే. కింద అంతస్తులో వర్క్‌షాపు, పైన వాళ్ళ ఇల్లు. లేవలేని మనుషుల్ని మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చే యంత్రాలు తయారుచేస్తాం. మనిషిని గట్టి బట్టతో కుట్టిన జోలెలో కూర్చోబెడితే మోటారు మెల్లగా పైకెత్తుతుంది. బావ దాన్ని అందరి ముందూ 'ఊయల' అంటాడు. అక్క 'సంచి' అంటుంది. కారు ప్రమాదంలో నడుము దెబ్బతిన్న దగ్గర్నుంచి అక్క కాళ్ళు పనిచెయ్యవు. రోజూ అందులో ఎక్కి దిగే మనిషి ఏ పేరు పెడితే అదే దాని పేరు.

మోటారుకి కరెంటు అందించే పెట్టె నా పని. జోలె వేగంగా కదిలినప్పుడు బాగానే ఉండేది. నెమ్మదిగా దిగేటప్పుడే గడగడా వణికేది. అక్క మెడ అదిరిపోయేది.

"పళ్ళు రాలిపోయేలా ఉన్నాయే. కాస్త చూడవే తల్లీ," అనేది నవ్వుతూ. నాకు నవ్వొచ్చేది కాదు.

వణుకు ఎందుకో నాకు తెలుసు. పెట్టెలో స్విచ్చులు జతలుగా ఉంటాయి, పైనొకటి, కిందొకటి. జతలో రెండూ ఒకేసారి ఆన్ అయ్యాయంటే కరెంటు మోటారుకి పోకుండా నేరుగా వాటిలోంచే దూసుకుపోతుంది. ఇక పేలడమే. అందుకని ఒకటి ఆఫ్ అయ్యాక, రెండోది ఆన్ అయ్యేలోపు కంటికి ఆనని విరామం ఒకటి పెడతాం. దాన్ని డెడ్ టైమ్ అంటారు. ఆ విరామం వల్ల మోటారుకి అందాల్సిన వోల్టేజిలో కాస్త తేడా వస్తుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ కాస్తే కొంప ముంచుతుంది. కరెంటు ఒకవైపు పారుతుంటే ఆ తేడాని కలపాలి, రెండోవైపు పారుతుంటే తీసెయ్యాలి. చిక్కల్లా కరెంటు సున్నా దగ్గరికి వచ్చినప్పుడే. అక్కడ అది ఎటు పారుతోందో చెప్పే సెన్సారు గడియకో మాట చెబుతుంది. దాన్ని నమ్మి కలపాల్సిన చోట తీసేశామా, వణుకు ఇంకా పెరుగుతుంది. అక్కడ మాత్రం ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా సర్దేలా ప్రోగ్రాం మారుస్తున్నాను. వణుకు సగం తగ్గింది. ఇంకో వారం కావాలన్నాను.

ఆయనకి వారం ఎక్కడిది! యంత్రాన్ని చూడ్డానికి నర్సింగ్ హోముల వాళ్ళు వస్తున్నారట.

"డెడ్ టైమ్ అంటే చచ్చిన టైమేగా?" అన్నాడు. "పనీపాటా లేకుండా పడున్న టైము. తీసెయ్."

"తీసేస్తే పేలుతుంది బావా."

"ఖాళీగా కూర్చున్నవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తే ఎప్పుడైనా మన షాపు పేలిందా?"

పక్కనున్న తలూపుడు పకపకా నవ్వాడు. అసిస్టెంటు ఇంజనీరుకి నేను పెట్టుకున్న పేరది. బావ నోరు తెరవకముందే వాడి తల ఊగుతుంది.

"పోనీ, కొంచెం తగ్గించి చూద్దామా మేడమ్?" అన్నాడు.

"చల్లగా ఉన్నప్పుడు ఈ స్విచ్చులు చప్పున ఆఫ్ అవుతాయి. వేడెక్కితే ఆలస్యం చేస్తాయి. ఆ ఆలస్యానికి చోటు ఉండాలనే..."

బావ అప్పటికే ఫోనెత్తి ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడు. ఆయనతో ఎప్పుడూ ఇంతే. మన నోట్లో మాట మన నోట్లోనే ఉండగా ఆయన తర్వాతి మాటలోకి వెళ్ళిపోతాడు.

నర్సింగ్ హోముల తరఫున ఒక డాక్టరమ్మ, ఇద్దరు మేనేజర్లు వచ్చారు. ఇసుక మూటని ఎత్తి చూపిస్తారనుకున్నాను. వర్క్‌షాపులోకి అడుగుపెట్టేసరికి జోలెలో అక్క ఉంది. తల నున్నగా దువ్వి, మొహానికి పౌడరు రాసి, షోకేసులో బొమ్మలా కూర్చోబెట్టారు. నన్ను చూసి చూపు తిప్పేసుకుంది.

"మా మొదటి కస్టమరు మా ఆవిడే," అన్నాడు బావ, ఆ నవ్వే నవ్వుతూ. నాకు ఒళ్ళంతా రోత పుట్టింది.

మీట నొక్కాడు. జోలె లేచింది, దిగింది. వణుకన్నదే లేదు. ఒక్క క్షణం నా పనితనమే అనుకుని మురిసిపోయాను. అంతలోనే గుర్తొచ్చింది, నా పని ఇంకా సగంలోనే ఉంది. తలూపుడి దగ్గరికి వెళ్ళి, ఏం మార్చారని చెవిలో అడిగాను. వాడు నేల చూపులు చూశాడు.

"సార్ ఆ డెడ్ టైమ్ తగ్గించమన్నారు మేడమ్. బాగా తగ్గించాం. ఇసుక మూట పెట్టి చూశాం, ఏమీ కాలేదు."

"వేడెక్కేదాకా చూశారా?"

ఈసారి తల ఊగలేదు.

ఈలోగా బావ జోలెని మళ్ళీ మళ్ళీ ఎత్తి దించుతూనే ఉన్నాడు. పెట్టె మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. "బావా, అక్కని దించండి! ఇంక ఎత్తకండి!" అని అరిచాను.

"మా మరదలు. దీనికి ప్రతిదానికీ కంగారే," అని వాళ్ళకి చెప్పి మళ్ళీ మీట నొక్కాడు.

నేను మెయిన్ స్విచ్చి దగ్గరికి పరిగెత్తాను. చెయ్యి అందేలోపే పెట్టె ఢామ్మని పేలింది. కాలిన వాసన గుప్పుమంది. మోటారు ఆగిపోయింది, బ్రేకు పట్టేసింది. అక్క గాల్లో ఉండిపోయింది. ఒక చెప్పు జారి కింద పడింది. రెండు చేతులతో జోలె పట్టీలు పట్టుకుని ఉంది, వేళ్ళు తెల్లబడిపోయాయి.

కట్టుకున్నవాడు ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళాలి. ఈయన వచ్చినవాళ్ళ వైపు తిరిగాడు.

"చూశారా? కరెంటు పోయినా మనిషి కింద పడదు. ఇది మా సేఫ్టీ ఫీచర్!"

నా జన్మలో ఏ మనిషి మీదా అంత అసహ్యం వెయ్యలేదు. చేత్తో దించే పిడి గోడకి వేలాడుతోంది. దాన్ని లాగి మోటారుకి తగిలించి తిప్పడం మొదలుపెట్టాను. జోలె అంగుళం అంగుళం దిగుతోంది.

"ఏమోయ్, భయమేసిందా?" అన్నాడు బావ పైకి చూసి. అక్క పెదవి కదిపేలోపే వాళ్ళ వైపు తిరిగాడు. "అబ్బే, అస్సలు భయపడలేదు. ఆవిడకి అలవాటే."

"కాస్త ఆగండి," అంది అక్క పైనుంచి.

గొంతు పెద్దదేం కాదు. కానీ తలూపుడు కూడా తలెత్తి చూశాడు.

"నువ్వు ఇందులో ఎక్కుతావా అని నన్ను అడగలేదు మీరు. భయమేసిందా అని అడిగారు, జవాబు కూడా మీరే చెప్పేశారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంతే. మీ మాటకీ మాటకీ మధ్య నాకు ఊపిరాడే సందు కూడా ఉండదు."

"అది కాదు మేడమ్, మా ఆవిడ కొంచెం..." అంటూ బావ మళ్ళీ నవ్వబోయాడు.

డాక్టరమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది. "ఆవిణ్ణి చెప్పనివ్వండి."

అక్క వెంటనే మాట్లాడలేదు. నేను పిడి తిప్పుతూనే ఉన్నాను. ఆ నిశ్శబ్దంలోకి దూరడానికి బావకి మాట దొరకలేదు. అక్క నేల దగ్గరికి వచ్చాక డాక్టరమ్మ మొహంలోకి చూసింది.

"చాలా భయమేసిందమ్మా," అంది. "దీన్ని కొనకండి."