కోసిన పడుగు

మా అమ్మాయి ప్రసూన రేపల్లె నుంచి వచ్చేసిన మూడో రోజున మా ఇంటి ముందు పడుగు సాచాం.

పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులు, సాచే రోజున మా ఊరు పేరాలలో ఎవరూ ఎవరినీ పిలవరు. తెల్లవారుతుండగా వీధిలో గుంజలు పాతి, నూలుకు గంజి పట్టిస్తే చాలు, ఇరుగుపొరుగు కుంచెలు పట్టుకుని వాళ్లే వస్తారు. ఈరోజు మాకు, రేపు వాళ్లకు. గంజి ఆరేలోగా అటూ ఇటూ మనుషులు నిలబడి పడుగంతా దువ్వాలి. లేకపోతే పోగులు ఒకదానికొకటి అంటుకుపోయి మగ్గానికి పనికిరావు. అందుకే మా ఆయన పున్నయ్యగారు ఎవరినీ అడగకుండానే ఏడు చీరల పడుగుకు గంజి పట్టించేశారు.

ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

ఎందుకో నాకు తెలుసు. మా వీధంతా గురువుగారి భక్తమండలిలో ఉంది. మేమూ ఉన్నాం. సాయంత్రం భజన, ఏకాదశికి బాపట్లలో సత్సంగం నాకు ఇప్పటికీ ఇష్టమే. తర్వాత ఇంట్లో గురువుగారి పటం తప్ప మరో పటం ఉండకూడదన్నారు. మా కులదేవత చౌడేశ్వరమ్మ పటాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. డిగ్రీ అయిపోయిన ప్రసూన రేపల్లె ఆశ్రమంలో సేవ చేస్తానంటే పుణ్యమే కదా అనుకున్నాం. అక్కడ ఫోన్ తీసేసుకున్నారు. మా అత్తగారు పోయినప్పుడు కబురు పంపితే, బంధాలు సేవకు అడ్డమని పిల్లకు చెప్పనే లేదు. ఎన్నాళ్లకో ఎవరో భక్తురాలు నోరుజారితే దానికి తెలిసింది. పూలు తెమ్మని బయటికి పంపినప్పుడు ఆ బుట్టతోనే రైలెక్కి, తెనాలిలో మారి, ఇంటికొచ్చేసింది. గుమ్మంలో నిలబడి, "నానమ్మ మంచం ఏదమ్మా?" అంది.

నానమ్మ కోసం ఏడవడానికి కూడా ఒకరి అనుమతి కావాలా? దేవుడు అలాంటి నియమం పెడతాడా? నేను పెద్దగా చదువుకోలేదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

ఎండ గోడ దిగి వీధిలోకి వస్తుండగా బసవేశ్వరరావుగారు బండి దిగారు. మండలి బాపట్ల శాఖకు ఆయనే పెద్ద.

"ఏంటి పున్నయ్యా, గంజి ఆరిపోతోందే!"

"మీరొక్క మాట చెబితే అందరూ వస్తారు కదండి అన్నగారూ" అన్నారు మా ఆయన.

"వస్తారు. పాపని నాతో పంపించు. బాపట్లలో గురువుగారి ముందు తప్పయిందని చెప్పి, అటునుంచటే రేపల్లె వెళ్తుంది. అంతదాకా ఈ ఇంటివాళ్లతో మాట్లాడొద్దని ఆయన ఆజ్ఞ. నా చేతుల్లో ఏముంది చెప్పు!"

మా ఆయన పడుగు వంక చూశారు. ప్రసూన చేతిలో కుంచె అరుగు మీద పెట్టేసింది.

"వెళ్తానమ్మా. నా మూలంగా మీ మగ్గం ఆగిపోతే ఎలా?"

ఆశ్రమం తెల్లచీర కట్టుకోవడానికి లోపలికి వెళ్తోంది. నేను దాని వెనకే వెళ్లి, మగ్గం దగ్గరున్న కత్తి తీసుకుని, దాని చెయ్యి పట్టుకుని మళ్లీ వీధిలోకి తెచ్చాను.

మా ఇళ్లల్లో సాచిన పడుగు మీద కత్తి పెట్టరు. చావు కబురు వచ్చినా పెట్టరు.

"రత్నం! మతిపోయిందా ఏంటి?" అని అరిచారు మా ఆయన.

"గంజి ఆరేలోగా మన ముగ్గురం ఎంత మేర దువ్వగలమో చెప్పండి."

ఆయన నా మొహం చూశారు, పిల్ల మొహం చూశారు. పడుగు పక్కన నాలుగడుగులు నడిచి ఆగారు. ఇంకో అడుగు వేసి, "రెండు చీరలు. ఇక్కడ" అని వేలు పెట్టారు.

కోసేశాను. మిగతా పడుగంతా తడితడిగా, మిరపపండు ఎరుపుతో మట్టిలో పడింది.

"పాపం తగులుతుందమ్మా!" అన్నారు బసవేశ్వరరావుగారు.

"తగిలితే నాకే తగులుతుందండి. కాస్త పక్కకి జరగండి, ఆ గుంజని దగ్గరికి పాతాలి."

మా ఆయన గుంజ పాతారు. ముగ్గురం కుంచెలు పట్టుకున్నాం. ప్రసూనకు అలవాటు తప్పింది, గజిబిజిగా దువ్వుతోంది. ఎదురింటి తలుపు ధడాలున తెరుచుకుంది. వెంకటరత్నమ్మ అత్త గడప దాటకుండానే కేకేసింది.

"ఎదురు దువ్వుతావేంటే! పోగులు తెగవూ? రేపల్లెలో చపాతీల పిండి పిసికించారా నీ చేత?"

"వెంకటరత్నమ్మగారూ, వాళ్లతో మాట్లాడకూడదు!" అన్నారు బసవేశ్వరరావుగారు.

"నేను పడుగుతో మాట్లాడుతున్నానండి. మీ పని మీరు కానివ్వండి."

ప్రసూన నవ్వింది. వచ్చాక నవ్వడం అదే మొదలు. చెయ్యి తిప్పి సరిగ్గా దువ్వడం మొదలుపెట్టింది. అత్త గడప దాటలేదు. తలుపూ వేసుకోలేదు.

"గురువుగారికి ఏమని చెప్పమంటారు?" అని బండెక్కుతూ అడిగారాయన.

నేను కుంచె ఆపలేదు. "ఏడు చీరలు రెండయ్యాయని చెప్పండి. ఒకటి మా చౌడేశ్వరమ్మకి. రెండోది మా పిల్ల కట్టుకుంటుంది."

"అమ్మవారి పటం అటక మీద ఉందిగా అమ్మా" అంది ప్రసూన.

"దువ్వడం అయ్యాక నిచ్చెన వెయ్యి."