నాన్నకు ఒప్పజెప్పిన పాఠం

కుప్పం స్వస్థత సభల్లో మా నాన్న సాక్ష్యం చెప్పి వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఫ్రిజ్ తెరిస్తే నాకు ఒళ్లు మండుతోంది. తెరవగానే ఇన్సులిన్ సీసా కనిపిస్తుంది. అమ్మ దాన్ని పారేయలేదు, నాన్న ముట్టుకోలేదు.

ఆ సభల్లో పాస్టరుగారు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే నాన్నకు ఒళ్లంతా వేడి పాకిందట. అంతే, మైకు దగ్గరికి పోయి, షుగర్ పోయింది, ఇంక సూది అక్కర్లేదు అనేశాడు. పందిరంతా హల్లెలూయ. మావాళ్లలో సాక్ష్యమంటే ఆషామాషీ కాదు, చెప్పాక వెనక్కి తీసుకోవడం ఉండదు. పరీక్ష చేయించుకుని చెప్పొచ్చుగా అని అడిగితే, పరీక్ష చేయించుకుంటే ఇంక విశ్వాసం ఎక్కడిది అంటాడు. అమ్మ మదనపల్లెలో నర్సు. అందరికీ మందులు వేళకు వేసుకోమని చెప్పే మనిషి, ఇంట్లో ఏడ్చి, బతిమాలి, చివరికి ఊరుకుంది.

సోమవారం నాకు ఇంటర్ బాటనీ పరీక్ష. జీన్ క్లోనింగ్ ప్రశ్న తప్పకుండా వస్తుందన్నారు. సండే స్కూల్ వాక్యాలు కంఠతా పట్టిన రోజుల నుంచి నేనేం చదివినా నాన్నకు ఒప్పజెప్పాల్సిందే. ఆయన స్కూల్లో గుమాస్తా. పుస్తకం పట్టుకుని, వేలితో వరుస వెంట పోతూ వింటాడు. ఒక్క మాట జారినా మళ్లీ మొదటికే.

శనివారం మధ్యాహ్నం అమ్మ డ్యూటీలో ఉంది. పుంగనూరులో మా ఇంటి వరండాలో కూర్చున్నాం. కావాలనే ఇన్సులిన్ ప్రశ్న ఎంచుకున్నాను. మనిషి జీన్‌ను తీసుకుంటారు, బాక్టీరియాలో ప్లాస్మిడ్ అని చేతి గాజులా గుండ్రటి డీఎన్ఏ ఉంటుంది, దాన్ని కోసి జీన్‌ను అందులో అతికిస్తారు, ఆ బాక్టీరియా పెరిగి మనిషి కోసం ఇన్సులిన్ తయారు చేస్తుంది.

చెబుతూ ఆయన్నే చూస్తున్నాను. చెంబెడు నీళ్లు తాగి మళ్లీ నింపుకున్నాడు. చొక్కా ఒంటిమీద వదులుగా వేలాడుతోంది. ఆ ధ్యాసలో లైగేజ్ కోస్తుంది, రెస్ట్రిక్షన్ ఎంజైమ్ అతికిస్తుంది అని తిరగేసి చెప్పాను.

"కరెక్టు," అన్నాడు నాన్న.

ఒక్క మాట జారినా పట్టుకునే మనిషి.

"నాయనా, తప్పు సెప్పినాను. పుస్తకంలో ఏముండాదో సదువు."

పుస్తకం వెలుతురుకు తిప్పాడు. కళ్లు నులుముకున్నాడు. "అచ్చరాలు అలుక్కుపోతాండాయమ్మా," అన్నాడు మెల్లగా.

"సూది ఏసుకో నాయనా."

"సంఘమంతటి ముందర సెప్పినానే! ఇప్పుడు ఏసుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి సేసినట్టు కాదా?"

"దేవుడేం అబద్ధమాడలేదు. నువ్వు తొందరపడినావు, అంతే!" అరిచేశాను. ఆయనమీద నేను ఎప్పుడూ అరవలేదు. భయంతో అరిచాను.

ఆయన పుస్తకం మూసి, లోపలికొచ్చి చొక్కా పైకెత్తాడు. "తలుపెయ్యి," అన్నాడు. సిరంజి మీద గీతలు ఆయనకు కనబడలేదు. అమ్మ వేసే లెక్క నాకు తెలుసు, నేనే వేశాను. "ఎవురికీ సెప్పొద్దు. రేపు సర్చిలో అడిగితే, నాయనకు బాగుండాదని సెప్పు." అలాగేనని తలూపాను. ఆయన బతికితే చాలనిపించింది.

అప్పుడే తలుపు తట్టారు. మా సంఘం సుకుమార్ అంకుల్, టమాటా మండీలో పనిచేస్తాడు. ఆయనకూ షుగరే. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"వందనాలన్నా. కుప్పంలో నీ సాక్ష్యం ఇని నేనూ సూది ఆపేసినా. ఒళ్లు తూలతాండాది. నా విశ్వాసం సాల్లేదేమో, ప్రార్థన సెయ్యన్నా."

మోకాళ్ల మీద కూర్చున్నాడు. నాన్న ఆయన తలమీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. పెదాలు తడుపుకున్నాడు. ఇప్పుడు గనక ప్రార్థన మొదలుపెడితే ఈయన్ని జన్మలో క్షమించకూడదు అనుకున్నాను.

నాన్న చెయ్యి తీశాడు. చొక్కా ఎత్తి, సూది గుచ్చిన చోట పత్తి చూపించాడు.

"ఇప్పుడే ఏసుకున్నా సుకుమారూ. నా బిడ్డ ఏసింది."

సుకుమార్ అంకుల్ పత్తిని చూశాడు, నాన్న మొహం చూశాడు. "మరి ఆ పొద్దు మైకులో సెప్పింది ఏందన్నా? నీతో పాటు ఇంగా ఎంతమంది ఆపేసినారో నీకు తెలుసా?"

నాన్న లేచాడు. నా భుజం పట్టుకుని చెప్పుల కోసం కాలితో తడుముకుంటున్నాడు. "ఆటోను పిలువమ్మా," అన్నాడు. "ముందు వీణ్ణి ఆస్పత్రికి తీసకపోదాం. ఆనెంక నన్ను ఇంటింటికీ తిప్పు. నాకు దావ కనబడ్డంలేదు."