పదో బొమ్మ

1972 ఆగస్టు పదిహేను. ఆ రోజు భీమేశ్వరరావు ఇంట్లో చక్రపొంగలి. పొద్దున్నే ఆఫీసులో జెండా వందనం చూసుకుని వచ్చి, పొయ్యి వెలిగించి, తనే వండాడు. చివర చిటికెడు పచ్చకర్పూరం నలిపి వేశాడు. రెండేళ్ళ కింద పోయిన భార్య పుణ్యవతి అలాగే వేసేది.

నాలుగేళ్ళ కూతురు రత్నమాల గిన్నె అడుగుదాకా నాకి, "నాన్నా, ఈ గుడి వాసన ఏంటి?" అని అడిగింది.

"కర్పూరం తల్లీ. దేవుడికి చాలా ఇష్టం."

"నాకూ ఇష్టమే," అంది పిల్ల.

ఆ మాటకు అతను మురిసిపోయాడు. పొంగలిలో వేసే కర్పూరం వేరు, హారతికి వెలిగించేది వేరు. పెద్దవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేని సంగతి. పిల్లకు చెప్పాలని అతనికి తోచలేదు.

భీమేశ్వరరావుది కాకినాడ. ప్రభుత్వ విత్తనాల ఫారంలో గుమాస్తాగా వచ్చి, కిరాయి తక్కువని కొండాపూర్‌లో రెండు గదులు తీసుకున్నాడు. గడప దాటితే బండరాళ్ళు, సీతాఫలం పొదలు. అతను ఆఫీసుకు వెళితే పిల్ల పక్కింటి చంద్రమ్మ దగ్గర ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం ఆ నిశ్శబ్దం ఇద్దరికీ బరువుగానే ఉండేది. ఒక రేడియో ఉంటే బాగుండునని అతని ఆశ.

ఆ ఆశను లింగంపల్లిలో కిరాణా కొట్టు రాజయ్య పట్టేశాడు. హారతి కర్పూరం కంపెనీవాడు ప్రతి పొట్లంలో ఒక దశావతారం బొమ్మ పెడుతున్నాడు. పది అవతారాలూ జమచేసి ఇస్తే ట్రాన్సిస్టర్ రేడియో. డజను పొట్లాలు ఒకేసారి కొంటే, సీలు వేసిన కవరులో ఇంకో మూడు బొమ్మలు ఉచితం. ఈ నెలాఖరుతో సరి.

భీమేశ్వరరావు దగ్గర తొమ్మిది చేరి చాలా రోజులైంది. వరాహాలు మందలు మందలుగా ఉన్నాయి. వామనులైతే మూడడుగుల నేల అడిగినా ఇంట్లో చోటు లేనంతమంది. కూర్మం ఒక్కటే రాదు.

"గీసారి తప్పక తాబేలే సారూ. నా మాట రాసుకో," అనేవాడు రాజయ్య. ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ ఇంకో డజను.

బొమ్మ కోసం బస్సులోనే పొట్లాలన్నీ చింపేసేవాడు. చింపిన కర్పూరం ఎక్కడ పోయాలి? పటికబెల్లం అయిపోయిన గాజు సీసా ఖాళీగా ఉంటే అందులో పోశాడు. అదీ నిండింది. చంద్రమ్మ ఒకసారి చూసి నవ్వింది.

"ఏంది సారూ, మీ ఇంట్ల దినాం జాతరేనా? గింత కర్పూరం మా పోచమ్మ గుడిల గూడ లేదు!"

పండగ పూట వంటకు పొయ్యి గట్టు ఖాళీ చెయ్యాలని, ఆ పొద్దున అక్కడున్న సీసా తీసి కిటికీలో పెట్టాడు. కిటికీ పిల్లకు అందే ఎత్తు.

మధ్యాహ్నం వసారాలో చాప మీద బొమ్మలు పరుచుకుని కూర్చున్నాడు. పండగకని దాచిన కొత్త కవరు తెరిచాడు. వామనుడు, వామనుడు, పరశురాముడు. లోపల సీసా మూత కదిలిన చప్పుడైంది. విన్నాడు. తల మాత్రం ఎత్తలేదు. అడుగున ఇంకో బొమ్మ అతుక్కుని ఉందేమోనని కవరును వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు.

"నాన్నా, చేదుగా ఉంది," అంటూ పిల్ల గుమ్మంలోకి వచ్చింది. నోటినిండా హారతి వాసన. అతను లేచేలోగా వాంతి చేసుకుంది. కళ్ళు తేలేసింది. చిన్న చేతులు బిగుసుకుని కొట్టుకోసాగాయి.

"చంద్రమ్మా!"

ఆ కేక తనదేనని అతనికి తెలియలేదు. చంద్రమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది సారూ? ఏమైంది బిడ్డకు?"

"కర్పూరం... తినేసింది..."

పంద్రాగస్టని క్వారీ బందు ఉండడంతో చంద్రమ్మ భర్త ఎల్లేశం ఇంట్లోనే ఉన్నాడు. రోడ్డు మీదికి ఉరికి, గచ్చిబౌలి వైపు నుంచి వస్తున్న ఇటుకల లారీకి చేతులు చాచి అడ్డంగా నిలబడ్డాడు. పిల్లతో భీమేశ్వరరావు, వెనకే చంద్రమ్మ ఎక్కారు.

లారీ ముందు సీట్లో భీమేశ్వరరావు ఒళ్ళో పిల్ల ఒకసారి కొట్టుకుంటోంది, ఒకసారి కదలకుండా పడి ఉంటోంది. కొట్టుకున్నప్పుడు భయం. కదలనప్పుడు అంతకు మించిన భయం. అప్పుడు ముక్కు దగ్గర చెవి పెట్టేవాడు. ఇంజను మోతలో ఏమీ వినపడేది కాదు. తన చెంపకు వెచ్చగా గాలి తగిలేదాకా అతనికీ ఊపిరి ఆడేది కాదు.

"ఫికర్ చెయ్యకు సారూ, ఇగ వచ్చేసినం," అన్నాడు డ్రైవరు. నీళ్ళతో తడిపిన తన తువ్వాలు ఇచ్చాడు. అది ఇంజనాయిల్ కంపు కొడుతోంది. అయినా చల్లగా ఉంది.

లింగంపల్లి అవతల ఉన్న ఫ్యాక్టరీ దవాఖానలో డాక్టరమ్మ పిల్లను బల్ల మీద పడుకోబెట్టి సూది గుచ్చుతూ అడిగింది.

"ఎన్ని బిళ్ళలు తిన్నది?"

ఎన్ని మత్స్యాలు, ఎన్ని వరాహాలు అంటే అతను నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. సీసాలో కర్పూరం ఎంత ఉందో ఏనాడూ చూడలేదు.

"తెలీదండి," అన్నాడు.

ఆవిడ అతన్ని బయటికి పంపి తలుపు వేసుకుంది.

అతను బయట బెంచీ మీద కూర్చున్నాడు. చంద్రమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మెల్లగా అంది.

"గా సీసా కిటికీల నేను చూసిన సారూ. పైన పెట్టుమని చెప్దామనుకొని మర్సిపోయిన. నాది గూడ తప్పే."

ఆమె చూసి ఉండదు. సీసా కిటికీలోకి వచ్చిందే ఆ పొద్దున. అప్పటినుంచి తను కేక వేసేదాకా ఆమె అతని గడప తొక్కలేదు. ఆ అబద్ధం విన్నాక అతనికి మొదటిసారి ఏడుపు వచ్చింది.

దీపాలు పెట్టే వేళకు తలుపు తెరుచుకుంది. లోపలినుంచి సన్నగా "నీళ్ళు" అని వినిపించింది.

"ఒక్క రోజు ఉంచుకుని చూసి పంపుతాం," అంది డాక్టరమ్మ. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేదేమో.

మర్నాడు సాయంత్రం ఇల్లు చేరేసరికి వసారా కడిగి ఉంది. కిటికీలో సీసా లేదు. బొమ్మలు మాత్రం ఎవరో తుడిచి, ఒక బొత్తిగా పేర్చి, చాప మీద పెట్టారు. అతను వాటిని ముట్టుకోలేదు.

చంద్రమ్మ ఇంట్లో పిల్ల నాలుగు ముద్దలు గంజన్నం తిని అక్కడే నిద్రపోయింది. తీసుకెళ్దామని వెళ్ళిన భీమేశ్వరరావు గుమ్మంలో ఆగిపోయాడు. తలుపు లోపలి వైపు, మెతుకులతో అతికించిన ఒక చిన్న రంగుల బొమ్మ. నొసట కుంకుమ. వీపున కొండ మోస్తున్న తాబేలు.

"గా బొమ్మా? మొన్న బోనాలకు తెచ్చిన పొట్లంల వచ్చింది," అంది చంద్రమ్మ. "మంచిగుందని అంటుపెట్టిన. మీరు గీ బొమ్మలు జమచేస్తరు గద సారూ. కావాల్నా?"

అతని గుండె ఒక్కసారి ఎగిరింది. పది! లోపలెవరో లెక్క కట్టేశారు. పిల్ల ఇంకా పూర్తిగా కోలుకోలేదు, తన చొక్కాకు దవాఖాన వాసన పోలేదు. అయినా ఎగిరింది. లారీలో పడ్డ భయం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"వద్దమ్మా," అన్నాడు. మళ్ళీ అన్నాడు, "వద్దు. అక్కడే ఉండనీ."

"సరే తియ్యి," అంది ఆమె. "బిడ్డను లేపకుండ్రి. జర పైలం, గడప తాకుతది."

అతను పిల్లను భుజాన వేసుకున్నాడు. మెడకు వెచ్చటి ఊపిరి తగులుతోంది. ముంగిట్లోకి దిగి, ఆగి, వెనక్కి చూశాడు. పిల్ల లేవకుండా, చప్పుడు కానీయకుండా, చంద్రమ్మ కూర్మావతారంతో సహా తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టుకుంది.