గుర్తింపు పరిమితి కింద

సోమవారం ఉదయం ఇసకలపాలెం ఊరబావి మా సంస్థకు వచ్చి రిసెప్షన్‌లో సోఫా మీద కూర్చుంటుంది. పాతకాలపు బావి. రాతి ఒర, ఒక పక్క నాచు. దాని బరువుకి సోఫా నేలకు ఆనిపోయింది. పక్కన ఒక ముసలావిడ చేదతాడు చుట్ట భుజాన వేసుకుని నిలబడి ఉంది.

రిసెప్షనిస్టు సుధారాణి నాకు ఫోన్ చేస్తుంది.

"అలివేణి మేడమ్, మీకోసం ఒక బావి వచ్చింది. అపాయింట్‌మెంట్ లేదు."

నేను కిందికి దిగుతాను. పర్యావరణ విభాగంలో విశ్లేషకురాలిని. నీళ్ళలో ఏముందో చెప్పడం నా పని. చెప్పకుండా ఉండటం కూడా మా సంస్థలో ఆ పనిలోకే వస్తుంది.

"సీసాలో పట్టి పంపితే సరిపోయేది కదమ్మా," అంటాను ముసలావిడతో.

"శానా తూర్లు పంపినాం తల్లీ. పంపినప్పుడల్లా ఏటీ నేదనీసినారు. ఈపాలి ఆ మాట బావి ఇనీసింది. నానే ఎల్తాను, నన్నే సూసుకోమను అని లెగిసిపోనాది. ఒక్కదాన్నీ ఎలగ పంపుతాం? నాను తోడొచ్చినాను."

ఆవిడ పేరు సువ్వారి ఎరకమ్మ. వాళ్ళ ఊరికీ ఒక మందుల ఫ్యాక్టరీకీ మధ్య ఒక్క గోడే అడ్డం. భర్త అప్పలసూరికి రెండు కిడ్నీలూ పోయాయి. వీధిలో ఇంకా కొందరికి పోతున్నాయి. ఊరంతా ఈ నీళ్ళే తాగుతోంది.

"మాకొక్క మాట సాలు," అంటుంది ఎరకమ్మ. "ఈ నీల్లు తాగొచ్చా, తాగకూడదా?"

"పరీక్ష చేస్తాం," అంటాను. మా దగ్గర ఏ ప్రశ్నకైనా ఇదే జవాబు. వినడానికి మర్యాదగా ఉంటుంది, ఎవరినీ ఎక్కడికీ చేర్చదు.

సోఫా చేతి మీద కాలు ఆనించి చేద వేస్తాను. చాలాసేపటికి గానీ నీళ్ళ చప్పుడు రాదు. బావి కదలకుండా కూర్చుంటుంది, టీకా వేయించుకునే పిల్లలా మొహం పక్కకు తిప్పుకుని. సుధారాణి తన హ్యాండ్‌బ్యాగు తడవకుండా పక్కకు జరుపుకుంటుంది.

నీళ్ళు తీసుకెళ్ళి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడతాను. అది ఒక్క చుక్క పీల్చుకుని, అందులో ఉన్నవాటిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ తూచి, తెర మీద శిఖరాలుగా చూపిస్తుంది. అది విదేశం నుంచి వచ్చినరోజు ఒక మంత్రిగారు దాని ముందు కొబ్బరికాయ కొట్టారు. మూత మీద కుంకుమ ఇంకా ఉంది. మా డైరెక్టర్ డాక్టర్ మదనగోపాల్ గారు దాన్ని అతిథులకు "నా బిడ్డ" అని పరిచయం చేస్తారు. సొంత కొడుకుని మాత్రం ఎవరికీ పరిచయం చెయ్యరు.

తెర మీద ఒక శిఖరం లేస్తుంది. తెర పై అంచు తాకుతుంది. అక్కడ ఆగదు. మానిటర్లోంచి బయటికొచ్చి, నా చెవి పక్కగా సాగి, పైకప్పు చీల్చుకుని వెళ్ళిపోతుంది. నల్లగా, సన్నగా, గోనెలు కుట్టే సూదిలా ఉంది. చెయ్యి వేసి చూస్తాను. చల్లగా ఉంది.

అది ఎక్కడిదాకా పోయిందో చూడటానికి మెట్లెక్కుతాను. పై అంతస్తు ఆహార విభాగం. ఇసకలపాలెం నుంచి వచ్చిన వంకాయల బుట్టలోంచి శిఖరం దూసుకుపోతోంది. ఒక్కో వంకాయా పూసలా దానికి గుచ్చుకుని ఉంది. ఆ పైది వైద్య విభాగం. అక్కడ అది వరసగా పెట్టిన గాజు గొట్టాల్లోంచి వెళుతోంది. గొట్టాల్లో ఉన్నది అప్పలసూరి రక్తం. పనికొచ్చేది రక్తమే కాబట్టి వైద్య విభాగం వాళ్ళు దాన్ని ఉంచుకుని మిగతా మనిషిని ఇంటికి పంపించేశారు.

కిందికి దిగి నా ల్యాబ్‌కి వస్తాను. అక్కడ శిఖరం చుట్టూ సమావేశం మొదలవుతుంది. ఆహార విభాగం అధిపతి డాక్టర్ వకుళ పట్టుచీరలో వస్తుంది. వైద్య విభాగం అధిపతి డాక్టర్ ఫణిభూషణ్ తన పేరున్న పరిశోధన పత్రాలతో వస్తాడు. ఆయన వాటిని చంటిబిడ్డల్లా చంకనేసుకుని తిరుగుతాడు.

"నా అంతస్తులో ఉన్నంత భాగం నాది," అంటుంది వకుళ.

"మధ్య ముక్క మీరు తీసుకోండి. మొన నాది. పత్రికలు మొననే అచ్చేస్తాయి," అంటాడు ఫణిభూషణ్.

"ఇదంతా ఒకటే పదార్థమండి," అంటాను. "నీళ్ళలోంచి వంకాయల్లోకి, అక్కడినుంచి మనిషిలోకి వెళ్ళింది."

"ఆ మాట అనాలంటే మూడింటికీ కలిపి ఒక విభాగం ఉండాలి," అంటుంది వకుళ. "మనకు లేదు కదా."

రంపం తెప్పిస్తారు. ఎవరి అంతస్తు వాళ్ళు కోసుకుంటారు. కోస్తున్నంతసేపూ శిఖరం సన్నగా మూలుగుతుంది. ఆ ధ్వని ఎన్ని హెర్ట్జులో ఫణిభూషణ్ కొలిపిస్తాడు. నాకు మొదలు మిగులుతుంది, మోకాలెత్తు మోడు.

ఎరకమ్మ సుధారాణి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చి చూస్తోంది. ఆయాసం తీర్చుకుని అడుగుతుంది.

"ఏటి బావూ, ఇంతకీ తాగొచ్చా?"

"అది శాస్త్రీయమైన ప్రశ్న కాదమ్మా," అంటాడు ఫణిభూషణ్. "ఎవరు, ఎంత, ఎప్పుడు అని అడగాలి."

ఎరకమ్మ కాస్త ఆలోచిస్తుంది.

"అందరం. దాహమేసినంత. దాహమేసినప్పుడు."

ఫణిభూషణ్ ఆవిడ తల మీదుగా కిటికీలోకి చూస్తాడు. ఆయనకు కిటికీలతో మాట్లాడటం అలవాటు.

అప్పుడు డైరెక్టర్ గారు వస్తారు. ఈరోజే మా సంస్థలో సదస్సు. పర్యావరణ, ఆహార, వైద్య పరిశోధనల్లో ఆధునిక విశ్లేషణ సాధనాల గురించి. మధ్యాహ్న భోజనం ఏర్పాటు ఆ మందుల ఫ్యాక్టరీది. డైరెక్టర్ గారు నా మోడును చూస్తారు, కింద సోఫా మీది బావిని చూస్తారు, ఎరకమ్మను మాత్రం చూడరు.

"పరిమితి ఇప్పుడు ఎక్కడుంది?" అని అడుగుతారు.

మా సంస్థ గోడలన్నిటి చుట్టూ చీలమండ ఎత్తులో ఒక ఇత్తడి కడ్డీ ఉంటుంది. అదే గుర్తింపు పరిమితి. దానికి కిందనున్నది మా యంత్రాలకు ఆనదు, ఆనలేదు కాబట్టి లేనట్టే లెక్క. ఏ యంత్రానికైనా ఒక హద్దు ఉండటం న్యాయమే. ఎంత మంచి కంటికైనా కనపడనిది కొంత ఉంటుంది. కానీ మా కడ్డీకి ఒక పిడి ఉంది. ఆ పిడి డైరెక్టర్ గారి గదిలో ఉంది.

ఆయన గదిలోకి వెళ్ళి పిడి తిప్పుతారు. కడ్డీ అన్ని గదుల్లోనూ ఒక్కసారే పైకి లేస్తుంది.

ముందు చెప్పులు పోతాయి. ఎవరూ గమనించరు. తర్వాత నా మోడు పోతుంది. తర్వాత నా మోకాళ్ళు. నడవగలుగుతున్నాను, కానీ నడుస్తున్నాననడానికి ఆధారాలు లేవు. కింద సోఫా, సోఫా మీది బావి మునిగిపోతాయి. ఎరకమ్మ పొట్టి మనిషి. కడ్డీ ఆవిడ భుజాలు దాటి, గడ్డం దాటి, నడినెత్తి మీదుగా వెళ్ళి అక్కడ ఆగుతుంది.

"ఆవిడ వెళ్ళిపోయిందా?" అంటుంది సుధారాణి, హాయిగా ఊపిరి పీల్చుకుని. ఎరకమ్మ చెయ్యి సుధారాణి చేతిని పట్టుకునే ఉంది.

సదస్సు మొదలవుతుంది. అతిథులకు ఎత్తు కుర్చీలు వేశారు. హాలంతా తలలే. తలలకు టైలు వేలాడి, కడ్డీ దగ్గర తెగిపోయి ఉన్నాయి. భోజనం పళ్ళాలు పరిమితికి కింద ఉండటం వల్ల ఎవరికీ అందవు. అయినా గుత్తివంకాయ కూర అమోఘంగా ఉందని అందరూ అంటారు. చప్పట్లు కొడతారు, చేతులు పరిమితికి కిందే కాబట్టి చప్పుడు రాదు. తలలు మాత్రం ఊగుతాయి.

డైరెక్టర్ గారు మైకు ముందుకు వస్తారు.

"మన ప్రాంతపు నీటిలో హానికరమైనదేదీ గుర్తించబడలేదు."

అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. అబద్ధమాడాలంటే నిజమేమిటో తెలియాలి, దాన్ని దాటడానికి కొంచెం ధైర్యం కావాలి. ఆయనకు ఒక పిడి సరిపోయింది.

"ఇప్పుడు మన యంత్రం గురించి అలివేణి గారు రెండు మాటలు చెబుతారు."

వేదిక ఎక్కుతాను. భుజాలు, తల మిగిలి ఉన్నాను. ఊగే తలల వైపు చూస్తాను. వాళ్ళ మీద కోపం వస్తుందేమోనని కాసేపు ఆగుతాను. రాదు. కోపం రావాలంటే ఎదుట ఎవరో ఒకరు ఉండాలి. ఇక్కడ నూనె రాసి దువ్విన జుట్టు ఉంది, కళ్ళజోళ్ళు ఉన్నాయి, వాటి వెనక తరువాతి సదస్సు ఏ ఊళ్ళోనన్న ఆలోచన ఉంది. అంతకన్నా లోపల ఏమైనా ఉంటే అది నా యంత్రానికి కూడా ఆనదు.

కింద నుంచి నా చీర కుచ్చిళ్ళు ఎవరో లాగుతారు.

"సెప్పీ తల్లీ. తాగొచ్చా?"

"తాగకూడదు," అంటాను మైకులో.

తలలు ఊగడం ఆగుతుంది.

"తాగకూడదు. ఆ నీళ్ళతో వండకూడదు. ఆ ఊరి పొలాల్లో కాసిన వంకాయలు తినకూడదు. ఆ విషం ఫ్యాక్టరీ గోడ కింద నుంచి వస్తోంది. నీళ్ళలో ఉన్నదీ, కాయల్లో ఉన్నదీ, అప్పలసూరి రక్తంలో ఉన్నదీ ఒకటే."

"మీ నమూనా ఎంత పెద్దది?" అని అడుగుతుంది ఫణిభూషణ్ తల.

"ఒక ఊరు."

"చిన్నది," అంటుంది తల, జాలిగా.

"మేడమ్ బాగా అలసిపోయారు," అని డైరెక్టర్ గారు నవ్వుతూ తన గదిలోకి వెళతారు. కడ్డీ మళ్ళీ లేస్తుంది. నా భుజాలు తాకుతుంది, గడ్డం తాకుతుంది. నా తోటివాళ్ళందరూ మునివేళ్ళ మీద లేస్తారు. వాళ్ళకది అలవాటే. పదోన్నతి వచ్చేదాకా అలాగే నిలబడతారు, వచ్చాక ఇంకాస్త లేస్తారు. వకుళ నాకు కళ్ళతో సైగ చేస్తుంది: లే, లే.

నేను మోకాళ్ళు వంచుతాను.

కడ్డీ కింద వెలుగు ఆకుపచ్చగా ఉంది. అన్నీ ఉన్నాయి. బావి ఉంది, నా మోడు ఉంది, తినని పళ్ళాలున్నాయి. అప్పలసూరి రక్తం గొట్టాలు పైనుంచి మెట్టు మెట్టుగా దిగి వచ్చి ఎరకమ్మ పాదాల దగ్గర నిలబడ్డాయి. వాటి వెనక, ఇన్నాళ్ళుగా మేము ఏమీ లేదని రాసి పంపించినవన్నీ ఉన్నాయి: వెల్లకిలా పడిన చేపలు, పాల క్యాన్లు, బియ్యం బస్తాలు, దగ్గే మనుషులు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నన్ను చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. కాస్త జరిగి చోటిస్తారు.

"సెప్పీసినావా?" అంటుంది ఎరకమ్మ.

"చెప్పాను."

"ఆల్లు ఇన్నారా?"

"లేదు."

"ఇనకపోతే ఏటి? నాను ఇన్నాను కదా." ఆవిడ చేదతాడు భుజానికెత్తుకుంటుంది. "బేగి పద. ఊరోల్లు రేతిరి వంటకి నీల్లు తోడీసుకుంతారు."

బావిని బస్సెక్కిస్తాం. కండక్టరు దాన్ని చూసి వికలాంగుల సీటు ఖాళీ చేయిస్తాడు. దారి పొడుగునా అది కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది. ఇంతకుముందు అది ఆకాశాన్ని తప్ప ఏమీ చూసి ఉండలేదు.

ఇసకలపాలెంలో ఆడవాళ్ళు బిందెలతో, బావి ఉండే చోట నిలబడి ఉన్నారు. ఎరకమ్మ అరుగెక్కుతుంది.

"తాగకూడదంట," అంటుంది. "నాకు మొకమ్మీద సెప్పింది, ఈవిడే."

అంతే. ఎవరూ ఆధారాలు అడగరు. బిందెలు బోర్లిస్తారు. కొండవారన ఉన్న పక్క ఊరికి నీళ్ళకోసం నడవడం మొదలుపెడతారు. అది దూరం. దారిలో వాళ్ళు మదనగోపాల్ గారినీ, ఫ్యాక్టరీ వాళ్ళనీ, నన్నూ కలిపి తిడుతూ వెళతారు. వినడానికి చాలా బాగుంటుంది. మా సంస్థలో అంత కచ్చితమైన భాష నేనెప్పుడూ వినలేదు. బావి తన గుంటలోకి దిగి, మూత వెయ్యమని అడుగుతుంది. వేస్తాం.

అప్పలసూరి నులకమంచం మీద కాగితంలా తెల్లగా పడుకుని ఉన్నాడు. ఎరకమ్మ కొంగున కట్టి తెచ్చిన గొట్టాల మూతలు తీసి రక్తాన్ని ఆయన అరచేతుల్లో పోస్తుంది. అది చర్మంలోకి ఇంకిపోతుంది. చెంపల మీద రంగు తేలుతుంది. కిడ్నీలు మాత్రం తిరిగిరావు. ఆ సంగతి నాకు తెలుసు, ఎరకమ్మకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

"నువ్వేనా సెప్పింది?" అంటాడాయన.

"నేనే. ఆలస్యమైంది."

"నాకే కదా ఆలీసం అయినాది," అంటాడు, కళ్ళు మూసుకుని, వాకిట్లో పిల్లల అల్లరి వింటూ. "గుంటలకి కాదు."

నేను తిరిగి సంస్థకు వెళ్ళను. ఎరకమ్మ వాళ్ళ వసారాలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటాను. కబురు పాకుతుంది. మొదట ఒక జామతోట వస్తుంది, వేళ్ళ మట్టి దులుపుకుంటూ. తర్వాత ఒక వాగు వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంది. అడిగినదానికి జవాబు చెప్పి పంపిస్తున్నాను. ఇక్కడ గోడలకు కడ్డీ లేదు.

ఒక సాయంత్రం సరుగుడు తోపు వైపు నుంచి చప్పుడవుతుంది. బయటికి వస్తాను. సముద్రం తీరం దాటి వచ్చి, రోడ్డుకు అడ్డంగా గొంతుక్కూర్చుని ఉంది. తెల్లచొక్కా తొడుక్కుని, ఒక చెయ్యి కనపడేలా చొక్కాని మోచెయ్యి పైదాకా మడిచింది. ఆ చెయ్యి మా వీధి పొడుగునా చాచి ఉంది. ముంజేతి మీద ఇంకా దిగని పడవలు రెండు అటూ ఇటూ ఊగుతున్నాయి. సముద్రం పిడికిలి బిగించి, కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం అటు తిప్పుకుంది. నేను నమూనా తీసే సూది పట్టుకుని, తడి చర్మాన్ని వేళ్ళతో తడుతూ, నరం కోసం వెతుకుతున్నాను.