కృపానిధి చేతికి తగ్గ రాక్షసుడు

రిమోట్‌కి పాలిథిన్ కవరు తొడగాలని మొదట ఎవరికి తోచిందో గానీ, ఆ మనిషి జన్మలో టీవీ చూసి ఉండడు. ఒకటి నొక్కితే ఏడు వస్తుంది. సౌండు తగ్గించబోతే వంటల ఛానెల్ వస్తుంది. కవరు లోపల అంకెలు కనిపించవు, కనిపించినవి పనిచెయ్యవు, పనిచేసేవి మనకి అక్కర్లేదు. ఇదేమిటని అడిగితే, రిమోట్ పాడవకుండా ఉండడానికి అంటారు. నిజమే, పాడవదు. టీవీ పాడైపోయి పాతసామాన్లవాడి బండెక్కి వెళ్ళిపోతుంది. రిమోట్ మాత్రం రబ్బరు బ్యాండుతో సహా కొత్తగా మిగిలిపోతుంది.

విజయనగరం కంటోన్మెంట్‌లో ఉండే కృపానిధి బాధ ఇంతకంటే ఒక మెట్టు పైది. వాళ్ళింట్లో వీడియో గేమ్ ఆడే కంట్రోలర్‌కి కూడా కవరు ఉంది. తొడిగినది అతని భార్య స్వర్ణ. ఆవిడ మంచి వస్తువుని వాడనివ్వదు. సోఫా మీద దుప్పటి ఉంటుంది. ఆ దుప్పటి కంటే మంచి దుప్పటి బీరువాలో ఉంటుంది. పెళ్ళికి చర్చివాళ్ళిచ్చిన గులాబీపూల డిన్నర్ సెట్టు షోకేసు అద్దాల వెనక ఉంటుంది. మంచి చుట్టాలొస్తే తీద్దామని ఆవిడ ఉద్దేశం. పెళ్ళినాటి నుంచి వచ్చిన చుట్టాలెవరూ ఆ స్థాయికి చాల్లేదు. పాస్టరుగారు ఒకసారి దగ్గరదాకా వచ్చారు గానీ, ఆ రోజు ఆయన చెప్పుల్తో లోపలికి వచ్చేశారు.

ఆ గేమ్ డబ్బా వాళ్ళు కొన్నది కాదు. రెండువేల పదమూడు ఎండాకాలంలో ఫ్రిజ్ కొంటే లక్కీ డ్రాలో తగిలింది. కృపానిధి జన్మలో గెలిచిన మొదటి వస్తువు అది. అంతకుముందు సండే స్కూల్లో వాక్యాల పోటీ పెడితే, అతనికి వాక్యం గుర్తొచ్చేది గానీ, బహుమతి ఇచ్చేశాక గుర్తొచ్చేది. అతనికి తెలివి లేక కాదు. తెలివి బుర్రలో బయల్దేరి చేతులకి చేరడానికి టైము పడుతుంది. వెనకనించి ఆటోవాడు హారన్ కొడితే పక్కకి తప్పుకుంటాడు, కాకపోతే ఆటో వెళ్ళిపోయాక. చర్చి క్వయర్‌లో కంజీర వాయిస్తాడు. పాట ఆగాక ఒక దెబ్బ వినిపిస్తే అది కృపానిధిదని అందరికీ తెలుసు, దాని తర్వాతే ఆమెన్ అంటారు. అతను పనిచేసే ఆఫీసులో మాత్రం ఈ గుణానికి మంచి పేరుంది. ఫైలుని తొందరపడి కదపడని చెప్పుకుంటారు.

స్వర్ణ తమ్ముడు పాల్ దీనికి పూర్తిగా ఉల్టా. బొబ్బిలిలో సెల్‌ఫోన్ల రిపేరు షాపు పెట్టాడు. ఆదివారం ఆరాధన అయ్యేసరికి బైకు మీద అక్క ఇంటికి కోడికూరకి వచ్చేస్తాడు. డబ్బా వచ్చిన మొదటివారమే కంట్రోలర్ లాక్కుని, కవరు మీంచే టపటపా నొక్కేసి, కృపానిధి వారం రోజులుగా దాటలేని గొయ్యి ఒక్క గెంతులో దాటేశాడు. దాంతో తప్పు కవరుదని చెప్పుకునే వీలు కూడా పోయింది.

"బేగి నొక్కాల బావా, బేగి!" అన్నాడు పాల్. "నువ్వు నొక్కినప్పటికి ఆడు గోతిలో పడి, దినాలు కూడా అయిపోతన్నాయి."

"ఈ డబ్బా వల్ల నా సీరియల్ పోతన్నాది," అంది స్వర్ణ. "గెలిస్తే గెలిచినారని ఊరుకుంటాను. ఓడిపోడానికి కరెంటెందుకండీ? నెలాఖరు ఆదివారం దాకా సూస్తాను. ఈలోగా ఏదో ఒక ఆట ఆఖరుదాకా గెలిచి సూపించండి. నేదంటే మా తమ్ముడు పట్టుకుపోతాడు."

"గోనెసంచి నేనే తెచ్చుకుంటాన్లే అక్కా," అన్నాడు పాల్, మర్యాదగా.

మర్నాడు ఆఫీసు నుంచి కృపానిధి తిన్నగా గంటస్తంభం దగ్గర సందులో ధర్మేంద్ర షాపుకి వెళ్ళాడు. ధర్మేంద్ర గేమ్ సీడీలు అద్దెకిస్తాడు. ఎంబీబీఎస్ చదవలేదనే లోటు తప్ప అతనిలో డాక్టరు లక్షణాలన్నీ ఉన్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి సార్ ఇలగ?"

"సిన్నప్పట్నించీ."

ధర్మేంద్ర తల పంకించి, చెప్పాపెట్టకుండా బైకు తాళాలు విసిరాడు. అవి కృపానిధి జేబుకి తగిలి కిందపడ్డాయి. కృపానిధి చెయ్యి చాచాడు.

"ఎప్పుడిసిరినావు?"

"ఇప్పుడే సార్. మీరు కరెక్టుగానే పట్టినారు. అవి తొందరపడి పడిపోనాయి." ధర్మేంద్ర షెల్ఫు వైపు తిరిగాడు. "గొడ్డళ్ళు, గెంతులు ఉన్నవి మీకు పడవు. ఇది పట్టుకెళ్ళండి. అంతా మాటలే. ఊళ్ళో తిరిగి, మనుషుల్ని పలకరించి, దొంగెవడో కనిపెట్టాల."

పలకరించడంలో కృపానిధికి వంక పెట్టడానికి లేదు. ఆటలో కనిపించిన ప్రతివాణ్ణీ రెండేసిసార్లు పలకరించాడు. హీరో ఒక ముసలాయనతో వర్షం గురించి మాట్లాడుతుండగా, ముసలాయన కత్తి తీశాడు. తెర మీద త్రికోణం బొమ్మ మెరిసింది. అది వెంటనే నొక్కాలట. కృపానిధి టీ గ్లాసు బల్లమీద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, కవరులోంచి త్రికోణం ఎక్కడుందో వెతికి పట్టుకునేసరికి హీరో అంత్యక్రియలు జరుగుతున్నాయి.

అతని తల్లి అన్నమ్మ మంచం మీంచి చూస్తోంది. "ఆ ముసిలోడి ముఖం సూసినప్పుడే అనుకున్నాన్రా నిధీ. ఎవుడితో పడితే ఆడితో మాటాడీడమేటి?"

ఆ సీడీ తిరిగిచ్చేస్తే ధర్మేంద్ర అవమానంగా తీసుకున్నాడు. లోపలి గదిలోకి వెళ్ళి, దుమ్ము దులుపుకుంటూ ఇంకోటి తెచ్చాడు.

"ఇది వంతులాట సార్. మీరో దెబ్బ కొట్టాల, ఆళ్ళో దెబ్బ కొట్టాల. మీ వంతు వచ్చినాక మీరు నొక్కీదాకా ఆళ్ళు కదల్రు."

"ఎంతసేపైనా?"

"అన్నం తినీసి, కునుకు తీసి రండి. రాక్షసుడు అక్కడే ఉంటాడు."

కృపానిధి సీడీని రెండు చేతులా అందుకున్నాడు. ఇలాంటి రాక్షసులు ఉంటారని అతనికి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

మొదటి యుద్ధం పుట్టగొడుగు తల ఉన్న ఒక దెయ్యంతో వచ్చింది. కృపానిధి కత్తి దూసేసరికి వీధిలో గ్యాసు బండి ఆగింది. వెళ్ళి సీలు చూసుకున్నాడు, బరువు తూయించాడు, పక్కింటివాళ్ళ బండ ఎప్పుడొస్తుందో కూడా కనుక్కున్నాడు. తిరిగొచ్చేసరికి దెయ్యం ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూ అలాగే నిలబడి ఉంది.

"ఎవుడోగానీ మర్యాదస్తుడురా," అంది అన్నమ్మ. "నువ్వెళ్ళిన కాడ్నించీ నిలబడే ఉన్నాడు. కుర్సీ ఎయ్యి."

ఆ దెయ్యాన్ని కృపానిధి చంపాడు. అరగంట ఆలోచించి చంపాడు. తెర మీద బాకాలు మోగాయి. జీవితంలో మొదటిసారి అతను టైముకి కొట్టిన దెబ్బ అది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ వేరే పని పెట్టుకోలేదు. ఆటలో ముగ్గురు వీరులుంటారు, వాళ్ళకి మనమే పేర్లు పెట్టుకోవచ్చు. కత్తివాడు కృపానిధి. మందులిచ్చే ముసలమ్మ అన్నమ్మ. మంత్రాలేసే పిల్లకి స్వర్ణ అని పెట్టగానే స్వర్ణ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది.

"నా పేరెట్టి దానికా బట్టలేటండీ? చర్చివాళ్ళెవరైనా సూస్తే?"

దాంతో కత్తివాడికి కొత్త కత్తి కొనాల్సిన ఆట బంగారమంతా ఆ పిల్లకి మెడ నుంచి మడమ దాకా ఇనప కవచం కొనడానికి అయిపోయింది. కవచం బరువుకి మంత్రం ఆలస్యంగా వచ్చేది. కృపానిధికి అది ఏమీ తప్పుగా అనిపించలేదు.

పెట్టెలు తెరిచినకొద్దీ మందులు దొరికాయి. ఆకుపసరు, తేనె సీసా, మూడు అమృతం చెంబులు. అన్నీ వీరులు మోసే సంచిలో చేరాయి. చేరినవి చేరినట్టే ఉన్నాయి. కత్తివాడు రక్తం కారుతూ ఒంటికాలి మీద కుంటుతున్నా, స్వర్ణ వాడనిచ్చేది కాదు.

"ఇంత సిన్న దెబ్బకే తాగీస్తే రేపు పెద్ద దెబ్బ తగిలితే ఏటి సేస్తారు? అవసరానికి ఉంచండి."

"ఆకుపసరైనా?"

"పడుకుంటే తగ్గిపోతాది."

నెలాఖరు శనివారం సాయంత్రానికి ఆఖరి కోటకి చేరారు. మూడు తలల మంచురాక్షసుడు వచ్చాడు. అతనూ మర్యాదగానే ఆగాడు, మర్యాదగానే ముగ్గుర్నీ చంపేశాడు. తెర నల్లబడింది.

"మందులేవీ అయిపోలేదు కదా?" అంది స్వర్ణ.

"లేదు. ఒక్కటీ ముట్టుకోలేదు."

"హమ్మయ్య. అదొకటి మిగిలింది."

ఆదివారం మధ్యాహ్నం పాల్ వచ్చాడు. కోడికూరకి పూర్తిగా న్యాయం చేశాక గోనెసంచి దులిపి కుర్చీకి తగిలించాడు. కృపానిధి ఆఖరిసారి రాక్షసుడి ముందుకి వెళతానన్నాడు. ముందు తానే దారి చూపిస్తానని పాల్ కంట్రోలర్ తీసుకున్నాడు. టపటపా నొక్కాడు. ఆ తొందరలో ఒకసారి పారిపోదామన్న బటన్, రెండుసార్లు నిద్రపోదామన్న బటన్ కూడా నొక్కాడు. తేన్పు వచ్చేలోపు ముగ్గురూ పోయారు.

"ఇదేం ఆట బావా? రేషన్ లైను లాగ ఉంది! నిలబడి నిలబడి సంపేసినాడు."

"బేగి నొక్కినావురా నాన్నా," అంది అన్నమ్మ.

కృపానిధి వంతు వచ్చింది. మొదలుపెట్టిన కాసేపటికి ముసలమ్మ పడిపోయింది. ఇనప కవచం పిల్ల మోకాళ్ళ మీద ఉంది. కత్తివాడికి ఇంకొక్క దెబ్బకి సరిపడా ప్రాణముంది. రాక్షసుడు ఆగాడు. కృపానిధి నొక్కలేదు. పాల్ వైపు తిరిగాడు.

"దీన్ని వానలో పట్టుకెళ్ళకు. రామభద్రపురం దాటినాక రోడ్డు బాగోదు, నెమ్మదిగా పోనీ. వైరు మడతపెట్టకు, గుండ్రంగా సుట్టు. వేడెక్కుతాది, పక్కన బియ్యం బస్తా అదీ ఎట్టకు. నేనిప్పటికీ ఆఫ్ చేసేముందు ఒక నిమిషం ఆగుతాను. నువ్వూ ఆగు."

పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు తండ్రి చెప్పే మాటల్లాగే ఉన్నాయి అవి. పాల్ కూడా తెలియకుండానే చేతులు కట్టుకున్నాడు. మూడు తలల రాక్షసుడు మూడు తలల్తోనూ విన్నాడు.

స్వర్ణ వంటింటి గుమ్మం దగ్గర్నించి వచ్చింది. భర్త చేతిలోని కంట్రోలర్ తీసుకుంది. రబ్బరు బ్యాండు లాగింది. కవరు తీసి మడిచి... పారెయ్యలేదు గానీ, జాకెట్టులో దోపుకుంది. కంట్రోలర్ తిరిగి అతని చేతిలో పెట్టింది.

"తాగీమనండి."

"ఏది?"

"ఉన్నవన్నీ."

"అన్నీయే!" అన్నమ్మ మంచం మీద లేచి కూర్చుంది. ఎవరో ఇంటి బంగారం తాకట్టు పెడతానన్నట్టు చూసింది.

"మరి అవసరానికి?" అన్నాడు కృపానిధి.

"ఇదేనండీ అవసరం. మీ మొహం సూడండి ఒకసారి."

కృపానిధి సంచి విప్పాడు. అమృతం ముసలమ్మ నోట్లో పోశాడు, ఆవిడ లేచింది. మంచం మీది అన్నమ్మ "స్తోత్రం" అంది. తన వంతు వచ్చినప్పుడల్లా ఆకుపసరు, తేనె, ఇంకో అమృతం, ఒకదాని తర్వాత ఒకటి పట్టించాడు. అన్నీ నిదానంగా, లేబుల్ చదివి మరీ ఇచ్చాడు. మధ్యలో ఒకసారి మంచినీళ్ళు తాగొచ్చాడు. పాల్ గోళ్ళు కొరుక్కుంటూ "నొక్కు బావా, నొక్కీ!" అంటూ గది చుట్టూ తిరిగాడు. ఇనప కవచం పిల్ల ఆలస్యంగానైనా నిప్పుమంత్రం వేసింది. ఒక తల కరిగింది. రెండోది కరిగింది. మూడోది కత్తివాడికి వదిలేశారు. బాకాలు మోగాయి. అందరూ కేకలు వేయడం అయిపోయాక, కృపానిధి కుర్చీలోంచి లేచి, ఒక్క కేక వేశాడు.

"ఆమెన్," అంది అన్నమ్మ.

గోనెసంచి ఖాళీగా పంపడం మర్యాద కాదని అందులో పనసకాయ పెట్టారు. టీ వచ్చేసరికి పాల్ నోరు తెరిచాడు. గులాబీపూల కప్పు. సాసరు అడుగున ధర అంటించిన కాగితం ఇంకా ఉంది.

"అక్కా! నేను మంచి సుట్టాన్నైపోనానేటి?"

"నువ్వు కాదురా. మూడు తలలాయన అంతసేపు నిలబడినాడు. ఆయన పేరు మీద తీసినాను."

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. ఇబ్బంది ఆ తర్వాత వచ్చింది. ఆట అయిపోయింది, రాక్షసులెవరూ మిగల్లేదు. సంచిలో మాత్రం ఒక అమృతం చెంబు మిగిలిపోయింది. అది వాడకుండా సీడీ తిరిగివ్వడానికి స్వర్ణ ఒప్పుకోవడం లేదు. దెబ్బలేమీ లేకుండా తాగితే వృథా అంటుంది. వచ్చే ఆటలోకి తీసుకెళ్ళడం కుదరదని ధర్మేంద్ర అంటాడు. తగలడానికి ఒక్క దెబ్బైనా ఎవరు కొడతారా అని ముగ్గురు వీరులూ ఖాళీ కోటలో తిరుగుతున్నారు. సీడీ అద్దె నడుస్తూనే ఉంది. అయ్యా, అమ్మా, మీ ఇళ్ళలోనూ ఇలాంటి చెంబులు ఉండే ఉంటాయి. దాన్ని ఏం చెయ్యాలో మీకు తెలిస్తే కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. తొందరేమీ లేదు, కృపానిధి ఆగుతాడు.